కొత్త రిమ్ముకు టైరు కుదరడం అంటే ఏమిటి: పికప్ బండ్ల సైజుల లెక్క

ఉద్దానం తోటల్లో జీడిపిక్కల బస్తాలో, కొబ్బరికాయలో, పనసకాయలో ఎత్తుకొని పలాస చేరే పికప్ బండి ఒక్క పూటలోనే మూడు రకాల నేలను తొక్కుతుంది. మొదట తోటలోని ఇసుక, తర్వాత అంచులు తెగిపోయిన ఊరి తారు రోడ్డు, ఆపైన 16వ నంబరు జాతీయ రహదారి. మూడు చోట్లా బండికి ఆధారం నాలుగు టైర్లే. ఒక్కో టైరు నేలకు ఆనే మేర సుమారు రెండు అరచేతులంత ఉంటుంది. బరువు, బ్రేకు, మలుపు అన్నీ ఆ కాస్త చోటి మీదే ఆధారపడతాయి. అయినా శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో చక్రాలు మార్పించుకోవాలని వచ్చేవారు చాలాసార్లు దుకాణం గోడకు వేలాడే రిమ్మును చూసి ముందే మనసుపడతారు, దానికి ఏ టైరు పడుతుందో ఆ తర్వాత అడుగుతారు. ఈ వరుస తలకిందులైనది. బండి మోయవలసిన బరువును బట్టి టైరును, టైరును బట్టి రిమ్మును ఎంచుకోవాలి. రిమ్ము అందం చివర చూసుకోవలసిన సంగతి. ఎందుకు ఈ వరుసే సరైనదో టైరు మీది అంకెలను ఓపికగా చదివితే తెలుస్తుంది.

ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌కు కంపెనీ ఇచ్చే 255/60 ఆర్18 అనే సైజును తీసుకుందాం. 255 అన్నది గాలి నిండిన టైరు ఒక పక్క నుంచి మరో పక్కకు ఎంత వెడల్పో మిల్లీమీటర్లలో చెప్పే అంకె. అది నేలను తాకే పట్టీ వెడల్పు కాదు, టైరు పొట్ట వెడల్పు. తర్వాతి 60 శాతాన్ని చెబుతుంది: రిమ్ము అంచు నుంచి టైరు పైభాగం దాకా ఉండే సైడ్‌వాల్ ఎత్తు ఆ 255లో 60 శాతం, అంటే 153 మి.మీ. ఆర్ అనే అక్షరం రేడియల్ నిర్మాణానికి గుర్తు. చివరి 18 రిమ్ము వ్యాసం, అది అంగుళాల్లో ఉంటుంది. ఒకే వరుసలో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు కలిసి ఉండటమే ఇక్కడి తికమకకు సగం కారణం. 255/60 బదులు 265/60 వేస్తే 60 అలాగే ఉంది కాబట్టి ఎత్తు మారదని అనుకునేవారు ఎందరో ఉన్నారు. శాతం మారకపోయినా, అది ఇప్పుడు 265లో శాతం కాబట్టి సైడ్‌వాల్ 159 మి.మీ. అవుతుంది.

సరుకు బండ్ల టైర్ల మీద రాత కొంచెం వేరుగా ఉంటుంది. టాటా ఇంట్రా వీ30, అశోక్ లేలాండ్ దోస్త్ తరహా బండ్లకు వచ్చే 185 ఆర్14 ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే చిన్న సరుకు బండి టైరు) రాతలో శాతం అంకె కనిపించదు. అలాంటి టైర్లలో సైడ్‌వాల్ ఎత్తు వెడల్పులో 80 శాతం దరిదాపుల్లో ఉంటుందని తీసుకోవాలి. ఆ లెక్కన టైరు మొత్తం వ్యాసం 650 మి.మీ. వరకు వస్తుంది. 7.00 ఆర్15 అని రాసి ఉంటే అక్కడ వెడల్పు కూడా అంగుళాల్లోనే ఉంది: 7 అంగుళాలు, అంటే 178 మి.మీ. బొలెరో పికప్ రకాల్లో కొన్నింటికి 215/75 ఆర్15, కొన్నింటికి 7.00 ఆర్15 ఉంటాయి. రెండూ 15 అంగుళాల రిమ్ముకే కదా అని ఒకదాని చోట మరొకటి ఎక్కిస్తే, వెడల్పు తక్కువగా కనిపించే ఆ 7.00 టైరే మొత్తం ఎత్తులో నాలుగు సెంటీమీటర్ల వరకు పెద్దదిగా తేలుతుంది. రిమ్ము వ్యాసం ఒక్కటే చూసి టైరు కొనకూడదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

అందుచేత మొదట లెక్కించవలసింది మొత్తం వ్యాసం. పద్ధతి చిన్నదే. రిమ్ము అంగుళాలను 25.4తో హెచ్చవేసి, దానికి సైడ్‌వాల్ ఎత్తును రెండుసార్లు కలపాలి, ఎందుకంటే సైడ్‌వాల్ రిమ్ముకు పైనా ఉంటుంది, కిందా ఉంటుంది. 255/60 ఆర్18లో రిమ్ము 457.2, సైడ్‌వాల్ రెండు వైపులా కలిపి 306, మొత్తం 763.2 మి.మీ. ఇప్పుడు 255/65 ఆర్17ను అదే పద్ధతిలో వేస్తే 431.8కి 331.5 కలిసి 763.3 వస్తుంది. రిమ్ము ఒక అంగుళం తగ్గినా టైరు ఎత్తు మారలేదని చెప్పవచ్చు. శాతం అంకె 60 నుంచి 65కు పెరగడంతో రిమ్ములో తగ్గిన లోహం స్థానాన్ని రబ్బరు, గాలి భర్తీ చేశాయి. టొయోటా హైలక్స్‌లో కనిపించే 265/65 ఆర్17, 265/60 ఆర్18 జంట కూడా ఇలాంటిదే, వాటి మధ్య తేడా మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. రిమ్ము మార్చాలనుకునేవారికి ఇలాంటి జంటలే అన్నిటికంటే భద్రమైన దారి. గుంతల రోడ్ల మీద తిరిగే బండికైతే ఈ జంటలో చిన్న రిమ్ము, ఎత్తైన సైడ్‌వాల్ ఉన్నదే మేలు. దెబ్బ తగిలినప్పుడు వంగడానికి రబ్బరు ఎక్కువ ఉంటే రిమ్ము దాకా ఆ దెబ్బ చేరదు. ఈ జిల్లాల్లో పెద్ద రిమ్ము, పలచని టైరు కోరుకోవడానికి సరుకు బండికి ఒక్క కారణమూ కనబడదు.

చిక్కు వచ్చేది అసలు టైరు కంటే కాస్త పెద్దది కావాలని అడిగినప్పుడు. మట్టి దారుల మీద కూడా పట్టు ఉండేలా తయారయ్యే ఆల్ టెరైన్ టైర్లలో 265/70 ఆర్17 బాగా ప్రచారంలో ఉన్న సైజు. 18 అంగుళాల నుంచి 17కు దిగుతున్నాం కదా అనే ధీమాతో వీ-క్రాస్‌కు దాన్ని ఎంచుకుంటే మొత్తం వ్యాసం 802.8 మి.మీ. అవుతుంది, రిమ్ము చిన్నదైంది గాని టైరు 5 శాతానికి పైగా పెరిగింది. వ్యాసంలో పెరిగిన 40 మి.మీ.లో సగమే ఇరుసు కింద చేరుతుంది కాబట్టి బండి నేల నుంచి 20 మి.మీ. లేస్తుంది. బదులుగా పోయేది ఏమిటో చూడాలి. లెక్క ప్రకారం పాత టైరు కిలోమీటరుకు 417 చుట్లు తిరిగిన చోట కొత్తది సుమారు 396 చుట్లే తిరుగుతుంది. బరువుకు టైరు కొంత అణుగుతుంది కాబట్టి రోడ్డు మీద ఈ చుట్లు కొద్దిగా ఎక్కువే ఉంటాయి, వాటి నిష్పత్తి మాత్రం మారదు. స్పీడోమీటరు ఆ చుట్లను లెక్కపెట్టి వేగం చెబుతుంది, టైరు మారిన సంగతి దానికి తెలియదు. అంతకుముందు ముల్లు సరిగ్గా ఉన్న బండి అయితే, అది 100 చూపినప్పుడు అసలు వేగం 105 ఉంటుంది. మీటరులో 10,000 కి.మీ. పడేసరికి బండి 10,500 కి.మీ. తిరిగి ఉంటుంది, ఇంజిన్ ఆయిలు మార్చే గడువు ఆ మేరకు దాటిపోతుంది.

అంతకంటే లోతైన నష్టం లాగుడులో ఉంది. ఇంజిను ఇచ్చే తిప్పుడు బలం గేర్లు దాటి ఇరుసుకు చేరి, అక్కడి నుంచి టైరు వ్యాసార్ధం చివర నేలను తోస్తుంది. వ్యాసార్ధం 5 శాతం పెరిగితే నేలను తోసే బలం దాదాపు 5 శాతం తగ్గుతుంది. చదును రహదారి మీద ఇది తెలియకపోవచ్చు. సాలూరు దాటి సుంకి వైపు ఘాట్ ఎక్కేటప్పుడు, శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడు మాత్రం తెలుస్తుంది: లోడుతో మూడో గేరులో ఎలాగో లాగిన ఎత్తు ఇప్పుడు రెండో గేరు అడుగుతుంది, ఆగి కదిలే ప్రతి చోటా క్లచ్చు మీద భారం పెరుగుతుంది. దిగేటప్పుడు ఇదే లెక్క బ్రేకులకు వర్తిస్తుంది. డిస్కు మారలేదు, డ్రమ్ము మారలేదు, వాటికి ఎదురుగా పనిచేసే చక్రం మాత్రం పెద్దదైంది. అదే బండిని అదే దూరంలో ఆపడానికి పెడలు మీద ఇంకా గట్టిగా తొక్కవలసి వస్తుంది. పెద్ద టైరు బరువు కూడా ఎక్కువ. తిరిగే వస్తువు అంచున పెరిగిన బరువును కదిలించడానికీ ఆపడానికీ అయ్యే శ్రమ, లోడులో పెరిగిన అంతే బరువుకు అయ్యే శ్రమ కంటే ఎక్కువ.

టైరు వ్యాపారంలో 3 శాతం అనే హద్దు వాడుకలోకి వచ్చింది ఈ కారణాల చేతనే: పాత వ్యాసానికి అటూ ఇటూ 3 శాతం లోపల ఉంటే సరిపోయినట్టే అని అంటారు. అయితే రెండు వైపులా ఒకే స్వేచ్ఛ ఉందని దీని అర్థం కాదు. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ ఎన్నడూ చూపకూడదనీ, ఎక్కువ చూపినా ఒక పరిమితి వరకేననీ ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది చెబుతుంది. కంపెనీలు ముల్లును కాస్త ముందుకే ఉంచడానికి కారణం ఇదే, పెద్ద టైరు ఆ వెసులుబాటును తినేస్తుంది. రోజూ బరువు మోసే బండికి పెరుగుదల 2 శాతం దాటకుండా చూసుకోవడమే మంచిది. వీ-క్రాస్‌లోనే 18 అంగుళాల రిమ్ము ఉంచుకొని 265/60కు మారితే వ్యాసం 775.2 మి.మీ. అవుతుంది, పెరుగుదల 1.6 శాతం, అలాంటి మార్పును బండి ఓర్చుకుంటుంది.

వ్యాసం కుదిరిందంటే పని సగమే అయినట్టు. పికప్ విషయంలో మిగిలిన సగమే పెద్దది, బేరాల మధ్య ఎక్కువగా మరుగున పడేదీ అదే. టైరు సైజు పక్కన 102/100 ఎన్ వంటి రాత ఒకటి ఉంటుంది. 102 బరువు సూచిక, దానికి సమానమైన బరువు 850 కిలోలు. 100 అంటే 800 కిలోలు. ఇరుసుకు ఒక్కో పక్కన రెండేసి టైర్లు జంటగా ఉన్నప్పుడు ఒక్కో టైరుకు అది వర్తిస్తుంది. ఎన్ అనే అక్షరం ఆ బరువుతో గంటకు 140 కి.మీ. దాకా వేగాన్ని తట్టుకుంటుందని చెబుతుంది. సూచిక అంకెలు ఒక్కొక్కటిగా పెరుగుతాయి గాని కిలోలు అలా పెరగవు: 91 అంటే 615 కిలోలు, 102 అంటే 850, 112 అంటే 1120. కాగితం మీద 91కీ 102కీ మధ్య దూరం చిన్నదిగా తోస్తుంది, బండి మీద అది ఒక్కో టైరుకు 235 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు నాలుగున్నరకు పైమాటే.

దీన్ని ఒక ఉదాహరణలో పెట్టి చూడాలి. 185 ఆర్14 ఎల్‌టీ, 8 పీఆర్ (ప్లై రేటింగు అనే బలం తరగతి), 102 బరువు సూచిక టైర్లున్న చిన్న పికప్‌కు 15 అంగుళాల అల్లాయ్ రిమ్ములు వేయించాలనుకున్నారు. కార్లకు ఎక్కడైనా దొరికే 195/65 ఆర్15 టైర్లు ఆ రిమ్ములకు సరిపోయాయి, బోల్టు రంధ్రాలు కూడా కుదిరాయి అనుకుందాం. కొత్త వ్యాసం 634.5 మి.మీ.; పాత 650తో పోలిస్తే రెండున్నర శాతం లోపే తక్కువ, 3 శాతం హద్దు దాటలేదు. వెడల్పు 10 మి.మీ. పెరిగింది, బండి చూడటానికి నిండుగా ఉంది. పైపైన చూసే లెక్కలన్నీ నెగ్గాయి. ఇప్పుడు బరువు సూచిక చదివితే ఆ కారు టైరు మీద మామూలుగా ఉండేది 91. వెనక ఇరుసు మీది రెండు టైర్లు అంతకుముందు 1700 కిలోలు మోయగలిగిన చోట ఇప్పుడు 1230 కిలోలే మోయగలవు. గోగునార కట్టలో, సిమెంటు బస్తాలో వేసుకొని వెనక ఇరుసు మీద 1600 కిలోలు పడిన రోజున ఒక్కో టైరు తన శక్తికి మించి 185 కిలోలు మోస్తుంది. బండి పేరు మీద రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న మోత బరువు మారలేదు, యజమాని లోడు పెంచలేదు, ఎక్కడా దురాశకు పోలేదు. అయినా బండి ఓవర్‌లోడుతో నడుస్తోంది.

అలా నడిచిన టైరు ఆ రోజే పగిలిపోదు కాబట్టే ఈ తప్పు ఎవరి దృష్టికీ రాదు. సైడ్‌వాల్ ప్రతి చుట్టులోనూ మామూలు కంటే ఎక్కువగా వంగుతుంది, వంగిన ప్రతిసారీ రబ్బరులోనూ లోపలి దారపు పొరల్లోనూ వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే వేగం కంటే పుట్టే వేగం ఎక్కువైతే పొరల మధ్య అతుకు కొద్దికొద్దిగా సడలుతుంది. ఇదంతా లోపల జరుగుతుంది, పైకి గాడులు కొత్తగానే కనిపిస్తాయి. ఒక వేసవి మధ్యాహ్నం, రోడ్డే కాలుతున్న వేళ, నిండు లోడుతో రహదారి వేగం అందుకున్నప్పుడు ఆ బలహీనత బయటపడుతుంది. చివరికి తగిలిన గుంతదే తప్పని అంటారు, నిజానికి ఆ టైరు రిమ్ము ఎంచుకున్న రోజునే ఓడిపోయింది.

గాలి ఒత్తిడి సంగతి దీనితోనే ముడిపడి ఉంది, ఎందుకంటే బరువులో అధిక భాగాన్ని మోసేది లోపల బిగించిన గాలి. 8 పీఆర్ ఎల్‌టీ టైరు తన 850 కిలోలు మోయాలంటే 65 పీఎస్ఐ దరిదాపుల గాలి ఉండాలి. పీఆర్ అన్నది ఒకప్పుడు నూలు పొరల లెక్క, ఇప్పుడు అది బలాన్ని తెలిపే తరగతి మాత్రమే. 8 పీఆర్ టైరును కోసి చూస్తే ఎనిమిది పొరలు కనిపించవు. సాధారణ కారు టైరు తన పూర్తి బరువును 36 పీఎస్ఐ దగ్గరే అందుకుంటుంది. ఆపైన ఎంత కొట్టించినా దాని మోసే శక్తి పెరిగినట్టు లెక్కలోకి రాదు. పాత టైర్లకు 65 కొట్టించే అలవాటుతో కొత్త కారు టైర్లకూ అంతే కొట్టించడం ఒక ప్రమాదమైతే, దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. కారు తరహా టైర్లతో వచ్చిన వీ-క్రాస్, హైలక్స్ వంటి బండ్లకు బలమైన ఎల్‌టీ టైర్లు వేసి, తలుపు దగ్గర అంటించిన చీటీలోని పాత ఒత్తిడే ఉంచితే ఎల్‌టీ టైరు ఆ ఒత్తిడి వద్ద అసలు టైరు మోసినంత మోయలేదు. టైరు మారినప్పుడు దాని తయారీదారు ఇచ్చే బరువు, ఒత్తిడి పట్టికను చూసి కొత్త అంకె తేల్చుకోవాలి.

ఏ టైరు ఏ తెగదో తెలుసుకోవడానికి దుకాణంలో వాదించనక్కరలేదు. మన దేశంలో టైరు మీద ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. కార్ల టైర్లకు ఐఎస్ 15633, సరుకు, ప్రయాణికుల వాణిజ్య వాహనాల టైర్లకు ఐఎస్ 15636 ప్రమాణాలు వర్తిస్తాయి, ముద్ర దగ్గర ఆ అంకె కనిపిస్తుంది. తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం.

టైరు తేలాక రిమ్ము వెడల్పు చూడాలి. రిమ్ము మీద 7.5 జే × 18 అని ఉంటే 7.5 అంగుళాలు లోపలి వెడల్పు, అంటే టైరు అంచులు కూర్చునే రెండు గట్ల మధ్య దూరం. ప్రతి టైరు సైజుకూ ఇంత నుంచి ఇంత వరకు అని ఒక అనుమతి ఉంటుంది. 255/60 ఆర్18కు అది 7 నుంచి 9 అంగుళాలు, కొలత తీసే రిమ్ము 7.5. రిమ్ము అర అంగుళం పెరిగినా తగ్గినా టైరు పొట్ట వెడల్పు 5 మి.మీ. చొప్పున మారుతుంది. మరీ ఇరుకు రిమ్ము మీద టైరు ఉబ్బి, నడిమి భాగమే నేలను ఆని ముందుగా అరిగిపోతుంది. మరీ వెడల్పు రిమ్ము మీద సైడ్‌వాల్ బిగదీసినట్టయి రిమ్ము అంచు బయటపడుతుంది, రాయి తగిలితే దెబ్బ నేరుగా దానికే.

బోల్టుల దగ్గర ఎక్కువ మంది పీసీడీ అనే ఒక్క మాటతో ఆగిపోతారు. పీసీడీ అంటే బోల్టుల మధ్యబిందువుల గుండా గీసిన వృత్తం వ్యాసం. డీ-మ్యాక్స్‌కు, హైలక్స్‌కు రెండింటికీ అది 6 బోల్టులు, 139.7 మి.మీ.; అంగుళాల్లో సరిగ్గా అయిదున్నర. బోల్టులూ ఒకే రకం, 12 మి.మీ. మందం, 1.5 మి.మీ. మర. ఇన్ని కుదిరినా ఒక బండి రిమ్ము మరొక దానికి సూటిగా పట్టదు, ఎందుకంటే హైలక్స్ హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు కొస భాగం) కూర్చునే మధ్య రంధ్రం 106 మి.మీ., డీ-మ్యాక్స్‌ది 100 మి.మీ. దరిదాపు. డీ-మ్యాక్స్ రిమ్ము హైలక్స్ హబ్ మీదికి అసలు దూరదు. హైలక్స్ రిమ్ము డీ-మ్యాక్స్‌కు సులువుగా ఎక్కుతుంది, అసలు భయం అక్కడే ఉంది: మధ్యలో 6 మి.మీ. వదులు ఉండగా చక్రాన్ని నడిమధ్యకు తెచ్చే పని పూర్తిగా నట్ల మీద పడుతుంది. కొలిచి చేయించిన హబ్ రింగు వేయకుండా అలా బిగిస్తే 80 కి.మీ. దాటిన తర్వాత స్టీరింగులో వణుకు మొదలవడానికి అవకాశం ఎక్కువ. ఆ వణుకును బ్యాలెన్సింగ్ లోపమనుకొని సీసపు ముక్కలు అంటిస్తూ పోయినా అది తగ్గదు. రంధ్రం చిన్నదైన రిమ్మును లేతు మీద పెట్టి తొలిపించడం కూడా కొందరు చేయిస్తుంటారు. సరుకు మోసే చక్రానికి నడుము దగ్గరి లోహాన్ని తగ్గించడం ఏ విధంగానూ సమర్థించదగిన పని కాదు.

ఆఫ్‌సెట్ అన్నది వీటన్నిటికంటే తక్కువ మాట్లాడుకునే అంకె, కాని బేరింగులకు అన్నిటికంటే ఎక్కువ పట్టే అంకె అదే. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యన ఒక గీత ఉందనుకుంటే, హబ్‌కు ఆనే ముఖం ఆ గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో అది చెబుతుంది. ఈటీ 33 అంటే 33 మి.మీ. బయటికి. ఈ అంకె తగ్గిన కొద్దీ చక్రం బండి నుంచి బయటికి జరుగుతుంది. 7.5 జే ఈటీ 33 రిమ్ము తీసి 8.5 జే ఈటీ 20 వేశారని అనుకుందాం. లోపలి అంచు హబ్ ముఖం నుంచి అంతకుముందు 128.25 మి.మీ. లోపల ఉండేది, ఇప్పుడు 127.95, షాక్ అబ్జార్బరుకు తగిలే భయం లేదని మెకానిక్ చెప్పే మాట నిజమే. బయటి అంచు మాత్రం 62.25 నుంచి 87.95కు పోయింది, అంటే దాదాపు 26 మి.మీ. బయటికి వచ్చింది. అలా బయటికి జరిగిన చక్రం మీది బరువు బేరింగుల మీద లివరులా పనిచేస్తుంది, స్టీరింగు తిప్పడం బరువెక్కుతుంది, ఒక పక్క టైరు గుంతలో పడితే స్టీరింగు చేతిలోంచి లాగినట్టవుతుంది. వానాకాలంలో మడ్‌గార్డు దాటి వచ్చిన టైరు ఎగజిమ్మే బురద తలుపుల నిండా పడుతుంది. కొత్త రిమ్ము ఆఫ్‌సెట్ కంపెనీ రిమ్ముకు ఎంత దగ్గరగా ఉంటే సరుకు బండికి అంత మేలు.

నట్ల గురించి చెప్పవలసింది కొద్దిదే గాని తప్పనిసరిది. ఇనుప రిమ్ముకు వాడిన నట్టు అల్లాయ్ రిమ్ము రంధ్రంలో సరిగ్గా కూర్చోకపోవచ్చు. శంకువు ఆకారపు నట్టు, వాషరుతో ఆనే చదునైన నట్టు, గుండ్రని అడుగున్న నట్టు ఒకదాని చోట మరొకటి పనికిరావు. అల్లాయ్ రిమ్ము దళసరిగా ఉంటుంది కాబట్టి బోల్టు పొడవు కూడా చూడాలి. 12 మి.మీ. బోల్టు మీద నట్టు కనీసం 12 మి.మీ. లోతుకు మర పట్టాలి, 1.5 మి.మీ. మరకు అది పూర్తిగా ఎనిమిది చుట్లు. బిగించిన తర్వాత 50 నుంచి 100 కి.మీ. లోపల ఆగి టార్క్ పానతో (బిగింపు బలాన్ని కొలిచే పాన) మళ్లీ చూడాలి, కొత్త రిమ్ము మీది రంగు, పూత అణిగి నట్లు కొంత సడలుతాయి.

అల్లాయా, ఇనుమా అన్న ప్రశ్నకు ఈ తీరంలో జవాబు కొంత వేరు. భావనపాడు, కళింగపట్నం వైపు చేపల పెట్టెలు మోసే బండి మీద కరిగిన మంచుతో పాటు ఉప్పునీరు చక్రాల మీదికి కారుతూ ఉంటుంది. ఇనుప రిమ్ము తుప్పు పడుతుంది, కాని అది కంటికి కనిపిస్తుంది, గీకి రంగు వేయవచ్చు, వంగితే సరిచేయించవచ్చు. అల్యూమినియం రిమ్ములో టైరు అంచు కూర్చునే చోట తెల్లని పొడిలా పట్టిన తుప్పు వల్ల గాలి నెమ్మదిగా కారుతుంది, ఎన్నిసార్లు పంక్చరు వెతికినా దొరకదు. ఇనుప హబ్‌కూ అల్యూమినియం రిమ్ముకూ మధ్య ఉప్పు తేమ చేరితే రెండూ అతుక్కుపోయి చక్రం ఊడదీయడమే కష్టమవుతుంది. పోత అల్లాయ్ గట్టి దెబ్బకు వంగడం కంటే పగలడానికే ఎక్కువ మొగ్గు చూపుతుంది, పగులును వెల్డింగు చేసి మళ్లీ లోడు ఎక్కించడం ప్రాణాలతో పందెం. అల్లాయ్ వేసుకోకూడదని దీని అర్థం కాదు, రిమ్ము వెనకవైపు పోతలో ఉన్న గరిష్ఠ బరువు అంకెను చదివి, అది ఇరుసు బరువులో సగానికి తగ్గకుండా ఉన్నదే తీసుకోవాలి. ఆ అంకె ఎక్కడా లేని రిమ్మును పికప్‌కు కొనకపోవడమే మంచిది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరం సవరించిన 182ఏ సెక్షను ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 95వది ప్రత్యేకంగా టైరు సైజు, ప్లై రేటింగు గురించినదే. ఆచరణలో దీని నుంచి ఒక సులువైన మార్గం దొరుకుతుంది: అదే మోడల్‌లోని పై రకానికి కంపెనీ అధికారికంగా ఇచ్చిన రిమ్ము, టైరు సైజు ఏదో చూసి దానికే మారడం. అప్పుడు వ్యాసం, బరువు, ఆఫ్‌సెట్ అన్నీ ఎవరో ముందే పరీక్షించి ఉంటారు.

ఇన్ని కొలతలూ కుదిరాక అసలు పరీక్ష బండి మీదే చేయాలి, అదీ లోడుతో. దుకాణం ముందు ఖాళీ బండికి చక్రాలు బిగించి స్టీరింగును రెండు కొసలకూ తిప్పి ఎక్కడా రాచుకోవడం లేదని తేల్చేస్తారు. కమాను పట్టీలు నిటారుగా ఉన్న ఖాళీ బండిలో టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉండే చోటు, బస్తాలు ఎక్కించి వెనక భాగం దిగినప్పుడు ఉండదు. మామూలు లోడు వేసి, ఒక ముందు చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించి, స్టీరింగును పూర్తిగా తిప్పి చూస్తే టైరు లోపలి లైనరుకూ ఛాసిస్‌కూ తగలకుండా చోటు ఉందో లేదో నిజంగా తెలుస్తుంది. వెనక చక్రాల దగ్గర బ్రేకు గొట్టాలు, హ్యాండ్‌బ్రేకు కేబులు టైరుకు ఎంత దూరంలో ఉన్నాయో అప్పుడే చూసుకోవాలి.

నాలుగు చక్రాలకూ బలం అందే బండ్లలో ఇంకొక జాగ్రత్త ఉంది. నాలుగు టైర్లూ ఒకే వ్యాసంలో లేకపోతే, ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో కలిసి తిరగవలసిన స్థితిలో వాటి మధ్య ఒత్తిడి పేరుకుంటుంది. ఇసుకలో, బురదలో చక్రం కొద్దిగా జారి ఆ ఒత్తిడి తీరిపోతుంది. తారు రోడ్డు మీద జారే వీలు లేక అది గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. రెండు కొత్తవి కొని ముందు వేసి, అరిగినవి వెనక ఉంచే అలవాటు ఇలాంటి బండికి పనికిరాదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా నాలుగు చక్రాల వేగాన్ని పోల్చి చూస్తుంది కాబట్టి అక్కడా ఇదే నియమం.

డబ్బు లెక్క వేసుకునేటప్పుడు నాలుగు రిమ్ములు, నాలుగు టైర్లు అని వేస్తారు, స్టెప్నీ మరిచిపోతారు. 255/60 ఆర్18 చక్రాలు తీసి 265/70 ఆర్17 వేసిన బండికి కింద వేలాడే పాత స్టెప్నీ 40 మి.మీ. చిన్నది. వెనక చక్రం పంక్చరైన చోట దాన్ని వేసి నడిపితే డిఫరెన్షియల్‌లోని చిన్న గేర్లు మలుపుల్లోనే కాక, తిన్నని దారిలో కూడా ప్రతి చుట్టుకూ తిరుగుతూనే ఉంటాయి. పెద్ద టైరును స్టెప్నీగా కొన్నా, పాత చక్రం కోసం చేసిన చోట్లో, గొలుసు మీద అది పట్టకపోవచ్చు. పాత స్టెప్నీది ఇనుప రిమ్మే అయితే, దాని నట్ల కట్టను పారేయకుండా పనిముట్ల పెట్టెలో ఉంచుకోవాలి. రాత్రి వేళ రోడ్డు పక్కన అల్లాయ్ నట్లతో ఇనుప రిమ్మును బిగించబోతే అవి సరిగ్గా ఆనవు.